నల్ల లుంగీ, జేబులో వేప్

అయ్యప్ప మాలలో ఉండి వేప్, అదే కరెంటు సిగరెట్, పీల్చాడని కివీల దేశంలోని పామర్‌స్టన్ నార్త్ తెలుగువాళ్ళలో మా ఆయనకు పేరు పడింది. అవును, పీల్చాడు. అందులో దాచేదేమీ లేదు. ఆ మాట అన్నవాళ్ళలో సగం మందికి ఆయన కడుపులో ఏముందో తెలియదు. తెలిసిన మిగతా సగం మంది తెలియనట్టు ఊరుకున్నారు. అందుకే నేను చెబుతున్నాను. నాకు ముక్కు మీద కోపం. మధ్యలో గొంతు పెరిగితే మీరే సర్దుకోండి.

ఆయన పేరు విఠల్. పాల ట్యాంకర్ నడుపుతాడు. కరీంనగర్‌లో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర వ్యాన్ నడిపిన మనిషి. నేను చదువు వీసా మీద వచ్చి ఇక్కడ చిన్నపిల్లల సెంటర్లో టీచర్‌గా కుదురుకుంటే, నా వెనకాల వచ్చి, ఒక్కొక్క లైసెన్సూ పాసవుతూ చివరికి ఆ పెద్ద బండి ఎక్కాడు. ఊరి చుట్టూ ఉన్న ఫారాలకు వెళ్ళడం, తొట్టికి పైపు తగిలించడం, పాలు నింపుకొని ఫ్యాక్టరీలో దించడం. వానా గాలీ అని లేదు. ఆవులు ఈనే కాలంలో ఆయన మొహం చూడటానికి నాకు ఆదివారమే దొరికేది. ఫారాల్లో కివీలు ఆయన్ని 'విట్' అంటారు. వాళ్ళతో గేటు దగ్గర నిలబడి ఆయన చేసే పని ఒకటే, సిగరెట్ కాల్చడం.

సిగరెట్ కరీంనగర్ నుంచే ఉంది. ఇక్కడ డెయిరీ అనే వీధి కొట్లో డబ్బా ధర చూశాకైనా మానేస్తాడనుకున్నాను. మానలేదు సరికదా, పొగాకు పొట్లం కొని కాగితంలో తనే చుట్టుకోవడం నేర్చాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. మా అత్తమ్మ ఇందిరాదేవి బతిమాలింది. మా అమ్మాయి వర్షిణి 'డాడ్, యు స్టింక్' అని మొహం మీదే అనేది. ఎవరి మాటా చెవికెక్కలేదు. ఆయన్ని సిగరెట్ మాన్పించింది అయ్యప్ప ఒక్కడే, అదీ మాలలో ఉన్నన్నాళ్ళే.

ఈ ఊళ్ళో అయ్యప్ప పీఠం సత్యనారాయణ గారి గ్యారేజీలో పెడతారు. ఆయనది కాకినాడ వైపు. ఐటీలో పెద్ద హోదా, శబరిమలకు చాలాసార్లు వెళ్ళొచ్చిన గురుస్వామి. నవంబరు రాగానే కార్లు రెండూ రోడ్డు మీద పెట్టి, గ్యారేజీ కడిగి, పీఠం అలంకరిస్తారు. మా ఆయన మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ చాప మీద ఒక హాస్పిటల్ డాక్టరు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ మేనేజర్లు, యూనివర్సిటీ పిల్లలు కొందరు ఉన్నారు. అందరికీ అందరూ స్వాములే. బర్త్‌డే పార్టీల్లో 'మీరేం చేస్తుంటారండి' అని అడిగి, ట్యాంకర్ అనగానే పక్కవాడి వైపు తిరిగే మొహాలే అక్కడ 'విఠల్ స్వామీ, ఇవాళ హారతి మీరివ్వండి' అనేవి. ఏడాదిలో ఆ ఒక్క మండలం మా ఆయన నడక మారిపోయేది. మాల ఆయనకు ఎందుకంత ముఖ్యమని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే. ఇంతకన్నా పెద్ద జవాబు నా దగ్గర లేదు.

మాల పడిన పొద్దుటే సిగరెట్ బంద్. ఒక్కటంటే ఒక్కటి ముట్టడు. మేమంతా సంతోషపడ్డాం. కొన్ని వారాలు గడిచాయో లేదో, కడుపునొప్పి మొదలైంది. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత రక్తం. ట్యాంకర్ నడిపేవాడికి అది ఎంత నరకమో కొంచెం ఊహించండి. కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ లేని రోడ్డు, చేతిలో పెద్ద బండి, కడుపులో ఆగని మంట. సీటు వెనక ఇంకో ప్యాంటు మడిచి పెట్టుకుని వెళ్ళేవాడు. ఇంటికొచ్చి ఆ ప్యాంటు తనే ఉతుక్కునేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మాల తీశాడు. మళ్ళీ సిగరెట్ ముట్టించాడు. కొన్నాళ్ళకు కడుపు దానంతటదే సర్దుకుంది.

"స్వామి పరీక్ష పెట్టిండు. ఎక్కడో తప్పు చేసిన, మాఫ్ చేసిండు," అన్నాడు.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మనూ, ఆ ఏడాది ఇంట్లో ఏ దీపం ఆరిందా, ఏ గిన్నెకు ఎంగిలి తగిలిందా అని వెతుక్కున్నదాన్ని నేనే కదా. మరుసటి ఏడాది మళ్ళీ మాల, మళ్ళీ సిగరెట్ బంద్, మళ్ళీ రక్తం. గురుస్వామిని అడిగితే 'దీక్షలో ఏదో అపచారం జరిగుంటుంది స్వామి, నియమం ఇంకా గట్టిగా పట్టండి' అన్నారు. మా ఆయన పట్టాడు. కారం మానేశాడు, నేల మీద పడుకున్నాడు, చన్నీళ్ళ స్నానం రెండుపూటలా చేశాడు. కడుపు ఇంకా పాడైంది. జనవరిలో కమ్యూనిటీ హాల్లో చెక్కతో పద్దెనిమిది మెట్లూ కడతారు, ఇరుముడి నెత్తిన ఉన్నవాళ్ళే వాటిని ఎక్కాలి. మా ఆయన ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కాల్సిన రోజుకు కాళ్ళలో సత్తువ ఉండేది కాదు. పోయిన జనవరిలోనైతే ఆ రోజు హాస్పిటల్ మంచం మీద ఉన్నాడు, చేతికి స్టెరాయిడ్ డ్రిప్పు. పెద్దపేగు నిండా పుండ్లని డాక్టర్లు చెప్పారు. జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. ఇంకోసారి ఇంత గట్టిగా తిరగబెడితే పేగు తీసేసి పొట్టకు సంచీ తగిలించాల్సి రావచ్చని సర్జన్ వచ్చి నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. 

అసలు సంగతి మార్చిలో బయటపడింది. క్లినిక్‌లో ఒక నర్సు మామూలు ప్రశ్నలన్నీ అడుగుతూ, సిగరెట్ ఎప్పుడు మానేశావు విట్ అంది.

"ప్రతి నవంబర్ల మానేస్త," అన్నాడు మా ఆయన గర్వంగా, ఇంగ్లీషులోనే.

ఆమె తలెత్తి చూసింది. "ప్రతి నవంబరా? మరి కడుపు పాడయ్యేది ఎప్పుడు?"

"డిసెంబర్ల," అన్నాడు. అని, నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. 

డాక్టరమ్మ వచ్చి విడమర్చి చెప్పింది. ఈ జబ్బు సిగరెట్ తాగేవాళ్ళలో తక్కువ కనిపిస్తుందట, మానేసిన కొత్తలో కొందరికి బయటపడుతుందట, ఉన్నది ముదురుతుందట. అది పొగాకులోని నికోటిన్ వల్లే కావచ్చని అనుమానించి, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్‌లతో పరీక్షలు చేశారట. కొందరికి నెమ్మదించింది, కొందరికి వికారం, తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. అందుకే దాన్ని ముందు వరస మందుగా ఎవరూ ఇవ్వరు. పేగుల జబ్బుల్లోనే ఇంకోదానికి పొగ మహా చెడు చేస్తుందని కూడా ఆమె చెప్పింది.

"సిగరెట్ తాగమని మాత్రం నేను చచ్చినా చెప్పను. అది నిన్ను ఇంకో దారిలో చంపుతుంది," అంది. "వేప్ గురించి మాకు తెలిసింది తక్కువ. ఊపిరితిత్తులకు మంచిదని ఎవరూ అనలేరు. కానీ సిగరెట్టుకు బదులు అదైతే నేను నీతో తగువు పెట్టుకోను. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకు."

బయటికొచ్చి కారు తలుపు ఎంత గట్టిగా వేశానంటే పార్కింగులో మనుషులు తిరిగి చూశారు. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. దేవుడు పరీక్ష పెడుతున్నాడని ఏళ్ళ తరబడి నియమాలు పెంచుకుంటూ పోయాం. మేం తప్పనుకున్నది తప్పు కాదు, చేసిన మంచి పనే మనిషిని పడగొట్టింది. ఇది విని నవ్వాలా, ఏడవాలా? ఆయన మాత్రం నవ్వాడు.

"అంటే అయ్యప్పకు నా మీద కోపం లేనట్టే గద," అన్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఈ మనిషి పేగు పోతుందని నేను ఏడుస్తుంటే, దేవుడికి కోపం లేదని ఆయన సంబరం.

సిగరెట్ మళ్ళీ ఇంటి గడప తొక్కితే నేను తొక్కనని చెప్పాను. ప్యాచ్ వేశాం, చర్మం మీద దద్దుర్లు లేచాయి, పీడకలలు. నికోటిన్ చూయింగ్ గమ్‌కు ఎక్కిళ్ళు. చివరికి వేప్ షాపుకు వెళ్ళాం. కౌంటర్ దగ్గర అమ్మాయి మామిడిపండు ఐస్ రుచిది అని ఒకటి చూపించింది. "మామిడిపండు తింటరుగని పీలుస్తరా?" అని నన్ను తెలుగులో అడిగి, వట్టి పొగాకు రుచిది తీసుకున్నాడు. మాత్రలూ అదీ కలిపి, జూన్‌లో మొదలయ్యే ఇక్కడి చలికాలమంతా నడిచాయి. రక్తం ఆగింది. అది వేప్ వల్లనో మాత్రల వల్లనో డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. తేల్చాలంటే ఒకటి ఆపి చూడాలి. అది మా ఆయన పేగండీ, ఎవరి ప్రయోగానికీ ఇచ్చేది కాదు.

మళ్ళీ నవంబరు వచ్చింది. బీరువాలోంచి నల్ల లుంగీలు తీసి ఆరేస్తున్నాడు. నా ఒళ్ళు మండింది.

"ఈసారి మాల వద్దు," అన్నాను.

"వేసుకుంట."

"అయితే వేప్ బంద్ చేస్తవా? సర్జన్ ఏం జెప్పిండో యాద్ లేదా?"

"వేప్ బంద్ చెయ్య."

"మరి రెండూ ఎట్ల అయితయి?"

"ఎందుకు గావు? అది నాకు మందు. మందు ఆపుమని ఏ దేవుడు చెప్పిండు?"

రెండు రోజులు మాకు మాటల్లేవు. మూడో పొద్దున నేనే దిగొచ్చాను. సరే వేసుకో, ఎవరికీ చెప్పకు, పాల కోసం పోయినప్పుడు ఏ ఫారం పక్కనో పీల్చుకో, ఎవరు చూస్తారు అన్నాను. లుంగీ మడత పెడుతున్నవాడల్లా ఆగాడు.

"అయ్యప్ప ముందట దొంగతనమా కుసుమా? పీల్చుడు తప్పు గాదు. దాచుడు తప్పు."

 అంతవరకూ ఆయనతో గొడవపడ్డదాన్ని, ఆ మాటతో ఆయన వైపు తిరిగాను.

మాల వేసే పొద్దున గ్యారేజీ నిండా జనం. మా ఆయన స్నానం చేసి, నల్ల లుంగీ కట్టుకుని, అందరికన్నా ముందు సత్యనారాయణ గారి దగ్గరికి వెళ్ళాడు. జేబులోంచి వేప్ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. జబ్బు సంగతి, నవంబరు సంగతి, డాక్టరమ్మ మాట, సర్జన్ మాట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఇది నా జేబుల ఉంటది స్వామి. పీఠం కాడ పీల్చ, పిల్లల ముందట పీల్చ. కని బంద్ మాత్రం చెయ్య. చెప్పకుంట మాల వేసుకునుడు ఇష్టం లేక చెప్తున్న," అన్నాడు.

సత్యనారాయణ గారు ఆ వేప్ వైపు చూశారు. చెడ్డమనిషి కాదు, ఆ మాట నేను కోపంలో కూడా ఒప్పుకుంటాను. "మా నాన్నగారు గొంతు క్యాన్సర్‌తో పోయారండి, సిగరెట్ వల్లే," అన్నారు నెమ్మదిగా. "దీక్షలో అది వదిలేయిస్తే, అలాగే శాశ్వతంగా మానేసినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఇప్పుడు మీకు ఒప్పుకుంటే రేపు ఇంకొకడు వస్తాడు, నాకూ రోగమే అంటాడు. స్కూల్లో మన పిల్లలు వీటితోనే పాడైపోతున్నారు. కుదరదండి."

"రోహిత్ స్వామి ఆయాసానికి ఇన్‌హేలర్ పీలుస్తడు గద," అన్నాడు మా ఆయన, యూనివర్సిటీ పిల్లల్లో ఒకణ్ణి చూపిస్తూ.

"అది డాక్టర్ రాసిచ్చిన మందు."

"నేను డ్యూటీకి పోతే బూట్లు తొడుక్కోవచ్చని మీరే అన్నరు. చెప్పులు గూడ వేసుకోవద్దని గద నియమం?"

"ఉద్యోగం కోసం కాబట్టి సడలించాను."

"ఉద్యోగం కోసం సడలిస్తరు, పేగు కోసం సడలించరా?"

ఆడవాళ్ళం గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డాం. అక్కడ నేను మాట్లాడకూడదు, తెలుసు. నోరు మూసుకుని నిలబడే రకాన్నైతే ఇన్నేళ్ళు ఆ మనిషితో కాపురం చేసేదాన్నే కాదు.

"గురుస్వామీ, తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఫ్లాస్కులకు ఫ్లాస్కులు కాఫీ తాగుతరు గద మీరు. దీక్షల కాఫీ బంద్ చేస్తే మీకు తలనొప్పి వస్తది. మా ఆయనకు ఇది బంద్ చేస్తే రక్తం వస్తది. మీ తలనొప్పికి ఉన్న విలువ మా ఆయన రక్తానికి లేదా?"

ఎవరో దగ్గారు. సత్యనారాయణ గారి మొహం ఎర్రబడింది. "ఆవేశపడకండమ్మా," అని నాతో అని, మా ఆయన వైపు తిరిగారు. "మీ ఆరోగ్యం ముఖ్యం, కాదనను. ఈ ఏడాదికి మాల మానుకోండి. ఇది జేబులో పెట్టుకుంటానంటే మాత్రం నా చేత్తో వేయలేను విఠల్ గారూ."

విఠల్ గారూ. ఆ గ్యారేజీలో ఆయన్ని స్వామీ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు.  ఆయన వేప్ జేబులో వేసుకుని, పీఠానికి దండం పెట్టి, బయటికి నడిచాడు. ఇంటికి వచ్చేశాం.

జరిగింది విని మా అత్తమ్మ కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి ముందు కూర్చుంది. కన్నతల్లి చేతి మీదుగా మాల వేసుకోవడం మాలో ఉన్నదే, గురుస్వామి దొరకని చోట అలాగే వేసుకుంటారు.

"ఇటు రా బిడ్డా," అంది. "తల్లికి తల నొస్తుందంటే పులిపాలకు అడవికి పోయిండు ఆయన. తల్లి చేతుల మాల వద్దంటడా? నీ కడుపుల ఉన్న పేగు నేనిచ్చింది. దాన్ని కోసి పారేస్తుంటే సూసుకుంట కూసోమన్నోడు నాకు గురువెట్ల అయితడు?"

తులసిమాల కొడుకు మెడలో వేసింది. నేను శరణం చెప్పాను. వర్షిణి తన గదిలోంచి వచ్చి, ఏం చేయాలో తెలియక, మా పక్కన నిలబడింది.

అలా మా ఇంటి దీక్ష మొదలైంది. బడిలో పిల్లలు తన తండ్రి గురించి ఏమంటారోనని వర్షిణికి దిగులు. ఒకరోజు టేబుల్ మీద ఉన్న వేప్ వైపు చూస్తూ, నువ్వు పీల్చొచ్చు కానీ నేను పీలిస్తే తప్పా అని ఇంగ్లీషులో అడిగింది. నేను తిట్టబోయాను. ఆయన నన్నాపాడు.

"నాకు రోగం ఉంది బిడ్డా. నీకు లేదు. రోగం లేనోళ్ళకు ఇదే రోగం. ఒక్కసారి పట్టుకుంటే ఇడిసిపెట్టది, నన్ను సూస్తలేవా? నువ్వు ముట్టుకుంటే కాళ్ళిరగ్గొడత."

వర్షిణి 'ఓకే డాడ్' అంది. దాంతో ఆ విషయం ముగిసిందని నేననను. అడిగిన ప్రశ్నకు తండ్రి అబద్ధం చెప్పలేదు, అంతే.

డిసెంబరులో ఫోటో వచ్చింది. సూపర్‌మార్కెట్ పార్కింగులో మా ఆయన, నల్ల లుంగీ, మెడలో మాల, నోటి ముందు తెల్లటి ఆవిరి. ఎవరో కారులోంచి తీసి తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 'ఇదేం దీక్ష' అని కింద రాశారు. నవ్వుల బొమ్మలు బారులు తీరాయి. నేను సెంటర్లో పిల్లలకు అన్నాలు తినిపించే టైములో చూశాను.  అక్కడికక్కడే జవాబు రాశాను: 'అవును, మా ఆయనే. ఆయనకు పేగుల్లో పుండ్లున్నాయి. నవ్విన ప్రతి ఒక్కరూ మా ఇంటికి వచ్చి ఆయన హాస్పిటల్ కాగితాలు చదివి మళ్ళీ నవ్వండి, టీ కూడా పెడతాను.' ఎవరూ రాలేదు. బొమ్మలు మాత్రం కొన్ని మాయమయ్యాయి. రోహిత్ ఒక్కడు ఫోన్ చేసి 'బాగున్నారా స్వామి' అని మా ఆయన్ని అడిగాడు. ఆ ఒక్క పలకరింపుకే ఆయన పొద్దంతా హుషారుగా తిరిగాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పని పని ఒకటి నేను రోజూ చేసేదాన్ని. పొద్దున ఆయన బాత్రూంలోకి వెళ్ళగానే తలుపు బయట బట్టలు మడిచే నెపంతో నిలబడేదాన్ని. ఆయనకు తెలుసు. బయటికి రాగానే నా మొహం చూడకుండా "ఏం లేదు" అనేవాడు. అంటే రక్తం లేదని. డిసెంబరు మొత్తం నేను ఆ రెండు మాటల మీదే బతికాను. ఏళ్ళుగా కడుపు తిరగబడే ఆ వారాలు వచ్చాయి. వచ్చి, వెళ్ళిపోయాయి. "ఏం లేదు" అంటూనే ఉన్నాడు.

ఇరుముడి ఇంట్లోనే కట్టాం. కొబ్బరికాయలో నెయ్యి అత్తమ్మ పోసింది, బియ్యం నేను పోశాను. ముడి కట్టే పద్ధతి కరీంనగర్ గురుస్వామి ఒకాయన వీడియో కాల్‌లో చెప్పాడు. వేప్ అంటే ఏంది అని ఆయన అడిగాడు. చెప్పాం. "దవాఖాన మందు లెక్కనా? మరింక లొల్లి ఏంది, కట్టుండ్రి," అన్నాడు.

హాలుకు వెళ్ళేసరికి భజన సాగుతోంది. చెక్క మెట్లకు పూలు కట్టారు, పైన స్వామి. మెట్ల కింద సత్యనారాయణ గారు నిలబడి ఒక్కొక్కరినే పంపుతున్నారు. మా ఆయన నెత్తిన ఇరుముడితో వరసలో నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు తిరిగి చూశారు, పాట సన్నగిల్లింది. వంతు వచ్చింది.

"ఇరుముడి ఎవరు కట్టారు?" అని అడిగారు సత్యనారాయణ గారు.

"మా అమ్మ."

"అది జేబులో ఉందా?"

"ఉంది."

ఆయన కాస్త తగ్గి, బతిమాలుతున్నట్టే అన్నారు. "ఈ ఒక్క నిమిషం కింద పెట్టి ఎక్కండి. నేను పట్టుకుంటాను. మీకూ నాకూ మర్యాదగా ఉంటుంది."

నాకే అనిపించింది, ఇచ్చేయ్, ఒక్క నిమిషమే కదా అని. మా ఆయన కదల్లేదు. రెండు చేతులూ ఇరుముడి మీదే ఉన్నాయి.

"నా పెద్దపేగు గూడ కింద పెట్టి ఎక్కుమంటరా స్వామి? అది నిలిచింది దీనితోటే అని నేను నమ్ముతున్న. ఇందుల సిగ్గుపడేది ఉంటే నేనే ఇంట్ల పెట్టొస్తుంటి."

అని, మెట్టు మీద కాలు పెట్టాడు. సత్యనారాయణ గారు పక్కకు జరగలేదు. అడ్డమూ రాలేదు. ఆయన భుజాన్ని రాసుకుంటూనే మా ఆయన పైకి వెళ్ళాడు. హాల్లో భజన ఆగిపోయింది.  "స్వామియే" అని గొంతు చించుకుని అరిచాను. మా అత్తమ్మ "శరణమయ్యప్ప" అంది. మగవాళ్ళలోంచి రోహిత్ గొంతు కలిసింది, తర్వాత ఇంకెవరో, ఎవరో. అందరూ అనలేదు. నాకు అందరూ అక్కర్లేదు కూడా. మెట్టు మెట్టుకూ ఆ నల్ల లుంగీ పైకి వెళుతుంటే చూస్తూ నిలబడ్డాను. నడుము వంగలేదు, ఎక్కడా ఆగలేదు, పొట్ట పట్టుకోలేదు.

తర్వాత భోజనాలు. అన్నదానంలో గురుస్వామే వడ్డించడం మా దగ్గర పద్ధతి. మా ఆయన వరస చివర విస్తరి ముందు కూర్చున్నాడు. వెనకటి ఏడాదుల్లో ఆ వరసలో కూర్చున్నప్పుడల్లా ఆయన విస్తట్లో కాస్త పెరుగన్నమే ఉండేది, అదీ మెతుకు మెతుకు లెక్కన. సాంబారు బకెట్ పట్టుకుని సత్యనారాయణ గారు ఒక్కో విస్తరి దాటుతూ వచ్చారు. మా ఆయన దగ్గరికి వచ్చి నిలబడిపోయారు. గరిటె బకెట్లోనే ఉంది. వేయకుండా దాటి వెళ్ళిపోతారేమో అనుకున్నాను.

మా ఆయన తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు.

"వెయ్యుండ్రి స్వామి," అన్నాడు. "ఈసారి తినగలుగుత."

సత్యనారాయణ గారి చెయ్యి కదిలింది. అన్నం మీద ఒక గరిటె పోశారు. ఆగి, ఇంకొకటి పోశారు. "చాలా స్వామీ?" అన్నారు, మా ఆయన మొహం వైపు చూడకుండా.

మా ఆయన చాలనలేదు.